అరిటాకు మీద స్పూను

పదకొండో భాగం

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించిందని చెప్పి పోయిన వారం ఆపేశాను. వారం రోజులు మిమ్మల్ని ఆ మెట్ల మీదే నిలబెట్టాను. నిజం చెప్పాలంటే నాకే ముందుకు చెప్పబుద్ధి కాలేదు. ఈ వారం చెప్పేది విన్నాక నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోండి, నేనేం అడ్డం రాను.

కొత్తగా చదివేవాళ్ళకు రెండు ముక్కల్లో సంగతి. నా పేరు సరళ, మాది జగిత్యాల జిల్లా, జెద్దాలో ఒక ఆస్పత్రిలో నర్సుని. మా బావ ప్రభాకర్ నా మేనత్త కొడుకు, నా మొగుడు. ఈ ఊళ్ళోనే ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీ మెకానిక్. ఆయన ఉండేది ఊరవతల కంపెనీ క్యాంపులో, నేనుండేది ఆస్పత్రి హాస్టల్లో. శుక్రవారం శుక్రవారం కలుసుకుని, ఏదో ఒక చిన్న హోటల్లో తిని, ఎవరి బస్సు వాళ్ళు ఎక్కుతాం. పాప లాస్య ఊళ్ళో మా అత్త దగ్గర పెరుగుతోంది.

ఎనిమిది నెలల కిందట డ్యూటీ రూంలో నలుగురం కూర్చున్నప్పుడు, ల్యాబ్‌లో పనిచేసే విజయవాడ ఇంద్రజ తన భర్త ధీరజ్ ఐటీ మేనేజరని చెప్పింది. మా హెడ్ నర్సు మారిసెల్ వెంటనే నా వైపు తిరిగి మీ ఆయన ఏం చేస్తారని అడిగింది. నా నోట్లోంచి "ఇంజనీరు" అని వచ్చింది. ఎవరూ తోయలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. అంత సుఖంగా వచ్చింది.

పోయిన నెల నన్ను ఛార్జ్ నర్సుని చేశారు. దాంతో పాటు ఫ్యామిలీ క్వార్టర్‌కి అర్హత వచ్చింది. రెండు గదులు, ఒక వంటిల్లు. బావ, నేను, లాస్య ఒక్క కప్పు కింద. ఆదివారం నాటికి బావ ఇకామా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు కార్డు, దాని కాపీ మారిసెల్ చేతికివ్వాలి, ఆవిడ సంతకం పెడితేనే కాగితం కదులుతుంది. ఇకామాలో వృత్తి అన్నచోట ఇంజనీరని ఉండదు కదా. అందుకని నేనొక తెలివైన ఆలోచన చేశాను. ప్రమోషనొచ్చినవాళ్ళు తోటివాళ్ళందరికీ భోజనం పెట్టడం, ఇంటివాళ్ళను తెచ్చి చూపించడం ఫిలిప్పీన్ వాళ్ళ పద్ధతి. ఆ భోజనంలో ముందు మనిషిని చూపిస్తే, ఆయన వాళ్ళకు నచ్చితే, శనివారం మారిసెల్‌కు మెల్లగా అసలు సంగతి చెప్పుకోవచ్చని. తెలివంటే అదీ. ఇంజనీరని చెప్పిన సంగతి బావకు ముందే తెలుసు, నేనే చెప్పాను.

దానికి సన్నాహం కూడా చేశాను. ఆస్పత్రి క్యాంటీన్లో ఫిలిప్పీన్ నర్సులెవరూ అన్నంలో వేలు పెట్టరు. కుడిచేత స్పూను, ఎడమచేత ఫోర్కు, ఫోర్కు వీపుతో అన్నాన్ని స్పూనులోకి నెట్టి తింటారు. నేను చేరిన మొదటి వారం పెరుగన్నం కలుపుకుంటుంటే ఒకమ్మాయి లేచి వెళ్ళి నాకొక స్పూను తెచ్చిచ్చింది. పాపం మంచి మనసుతోనే తెచ్చింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి నేను వాళ్ళలాగే తింటున్నాను. కార్నిష్ దగ్గర సముద్రం ఎదురుగా బల్ల మీద కూర్చోబెట్టి, బిర్యానీ పార్సిలు విప్పి, మూడు శుక్రవారాలు మా బావకు కూడా నేర్పించాను. "వంగి తినకు. చప్పుడు చెయ్యకు. వేళ్ళు నాకకు" అని. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా తలూపుతూ నేర్చుకున్నాడు. "జర ఓపిక పట్టు సరళా, చెయ్యి తిరుగుతలేదు" అనేవాడు. నాకు ఓపిక ఎక్కడిది.

ఇక మెట్ల దగ్గరికి వద్దాం.

పాతబస్తీ బలద్‌కు దగ్గర్లో, సెల్‌ఫోను దుకాణాల సందులో, మొదటి అంతస్తులో ఉంది ఆ ఫిలిప్పీన్ హోటల్. ఫార్మైకా బల్లలు, గోడ మీద టీవీ, అద్దాల అరలో వరసగా పెట్టిన కూరలు. పేర్లు తెలియకపోయినా పర్లేదు, వేలు పెట్టి చూపిస్తే అదే వడ్డిస్తారు. పదిహేను రియాళ్ళకు కడుపు నిండుతుందని మా ఆస్పత్రిలో అందరికీ ఇష్టం. పొడుగు బల్ల చుట్టూ పదకొండు మందిమి కూర్చున్నాం. నా పక్కన పన్నెండో కుర్చీ ఖాళీగా ఉంది, దాని వీపుకు మారిసెల్ ఒక బెలూను కూడా కట్టింది.

బావ పైకొచ్చాడు. నేను కొన్న నీలం చొక్కా, నేను చెప్పినట్టు లోపలికి దోపి, తల నున్నగా దువ్వుకుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూసి నాక్కూడా ధైర్యమొచ్చింది, కుర్చీలోంచి సగం లేచాను కూడా. లేచానని మీరు నమ్మాలి.

అంతలో వంటింట్లోంచి ఒక లావుపాటాయన ఏప్రాన్‌తో పరిగెత్తుకొచ్చి మా బావను అమాంతం కౌగిలించుకున్నాడు. హోటల్ వంటాయన, రోడెల్. దోస్తు అన్నట్టు అరబ్బీలో "సదీక్" అంటూ వీపు మీద రెండు చరుపులు చరిచి, మా బల్ల వైపు తిప్పి నిలబెట్టి, అందరికీ వినపడేలా ఇంగ్లీషులో చెప్పాడు. "ఈయన మా ఏసీ మనిషి. పోయిన రంజాన్‌లో మా ఫ్రీజరు చచ్చిపోతే రెండు రోజులు ఇక్కడే కూర్చుని బతికించాడు. ఈయన లేకపోతే ఈ హోటల్ లేదు. ప్రతి మంగళవారం ఇక్కడే భోంచేస్తాడు."

మా వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మారిసెల్ లేచి నిలబడి మరీ కొట్టింది. బావ సిగ్గుపడుతూ, నవ్వుతూ, నా వైపే చూస్తున్నాడు. నేనిప్పుడు ఒక్క మాట అంటే సరిపోయేది. ఈయనే మా ఆయన అని. చప్పట్ల మధ్యలో చెప్తే ఆ ఇంజనీరు మాట ఎవరికీ గుర్తు కూడా వచ్చేది కాదేమో. అంత మంచి సందు దేవుడు ఎవరికీ ఇవ్వడు.

అప్పుడు ఇంద్రజ నా చెవి దగ్గరికి వంగి, "మీవారు బయల్దేరారా సరళగారూ?" అంది.

"వస్తున్నారండీ. దారిలో ఉన్నారు" అన్నాను.

అన్నది తెలుగులో. మెల్లగా కూడా అనలేదు. ఇంద్రజ దగ్గర నేను మాట్లాడే ఆ అరువు భాషలో, "అండీ"లు పెట్టి, స్పష్టంగా అన్నాను. రెండు గజాల దూరంలో నిలబడ్డ మనిషికి వినపడకుండా ఉండే మాట కాదది.

బావ నవ్వు ఒక్కసారిగా పోలేదు. కాసేపు మొహం మీదే ఉండి, ఏం చెయ్యాలో తెలియనట్టు ఉండి, తర్వాత పోయింది. ఆయన రోడెల్ వైపు తిరిగి, "ఫ్రీజరు చప్పుడు చేస్తుందన్నవ్ గద, చూస్త" అన్నాడు తన వచ్చీరాని ఇంగ్లీషులో. ఈ రోజు శుక్రవారం, పనెందుకు, కూర్చుని తిను అని రోడెల్ అంటున్నా వినకుండా, నీలం చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

చేతులు కడుక్కొస్తానని చెప్పి లేచాను.

సింకు దగ్గర నిలబడి ఫోను తీశాను. ఆయనకేదో ఒక మెసేజ్ పెట్టాలని. ఏం పెడతాను? క్షమించమనా, అలాగే లోపల ఉండమనా? రెండూ పెట్టాలనే ఉంది. అప్పుడు కనపడింది, గురువారం మధ్యాహ్నం ఆయన పంపిన వాయిస్ మెసేజ్. నేను హోటల్ లొకేషన్ పంపిన పది నిమిషాలకు వచ్చింది. ఆ టైంలో నేను వార్డులో ఉన్నాను. వినలేదు. వినకుండానే బొటనవేలి బొమ్మ ఒకటి పంపించేశాను. ఆయన మెసేజ్‌లకు నేను చాలాసార్లు అలాగే చేస్తాను. "తిన్నవా, పన్నవా" తప్ప ఇంకేముంటుందిలే అని.

ఫోను చెవికి ఆనించుకుని విన్నాను.

"సరళా, గీ హోటల్ నాకెరుకనే. ఆడ ఏసీ పని నేనే చేస్త. వంటాయన, కౌంటర్ కాడి పిల్ల, అందరికి నేనెవలో తెలుసు. నువ్వు మీవాళ్ళకు ఇంజనీరని చెప్పినవ్ గదా, నలుగుట్ల నీకు ఇబ్బందైతది. జాగ మారుస్తే మార్చు. లేకుంటే నన్ను రావద్దను, జెరమొచ్చిందని చెప్పు. నాకేం కోపం లేదు. నువ్వెట్లంటే గట్ల."

దాని కింద నా బొటనవేలు. దాని కింద ఆయన ఇంకో మెసేజ్, అదీ నేను వినలేదు. ఆరు సెకండ్లది.

"అట్లనే రమ్మంటవా? మంచిగైంది సరళా. సంబురమైంది."

కొళాయి తిప్పి మొహం కడుక్కున్నాను. ఏడుపు రాలేదు. ఏడుపొస్తే కొంచెం మర్యాదగా ఉండేది. ఆయన ఆ చొక్కా వేసుకుని వచ్చింది ఇంజనీరులా నటించడానికి కాదు. అన్నీ తెలిసి కూడా నేను రమ్మన్నాననుకుని, పదిమందిలో నా మొగుడని చెప్తాననుకుని వచ్చాడు. మా బావ గల్ఫుకొచ్చిన మొదటి రెండేళ్ళ జీతం నా నర్సింగ్ చదువుకే పోయింది. అది నేనెప్పుడూ మర్చిపోలేదని అనుకుంటూ ఉండేదాన్ని. మర్చిపోకపోవడం వేరు, పదిమందిలో గుర్తుంచుకోవడం వేరు.

వెళ్ళి చెప్పేద్దాం అనుకున్నాను. ఇప్పుడే, బల్ల దగ్గరికి పోగానే. గట్టిగానే అనుకున్నాను.

బయటికొచ్చేసరికి బల్ల మారిపోయింది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పచ్చటి అరిటాకులు పరిచి ఉన్నాయి. వాటి మీద నడుమ గట్టులా వెల్లుల్లి అన్నం, దానికి అటూ ఇటూ కాల్చిన చేపలు, పుల్లటి చికెన్ అదోబో, వేలంత సన్నటి లుంపియా చుట్టలు, మామిడి ముక్కలు. కంచాల్లేవు. స్పూన్లు లేవు. ఫోర్కులు అసలే లేవు. మా వాళ్ళంతా మోచేతుల దాకా కడుక్కొచ్చి, నా కోసం చూస్తున్నారు.

"చేత్తోనా?" అన్నాను.

"మరి? సంతోషమొచ్చిన రోజు మా ఊళ్ళో ఇట్లాగే తింటాం సరా" అంది, నా పేరును ఎప్పుడూ సగమే పలికే మారిసెల్. "అందరూ ఒకే ఆకు మీద, ఒకే అన్నం, చేత్తో."

"క్యాంటీన్లో మరి స్పూను…"

"క్యాంటీన్లో ఇరవై నిమిషాల బ్రేకు. యూనిఫాం మీద పులుసు పడితే ఎవరు ఉతుకుతారు?" అని నవ్వి, "మొదలుపెట్టేద్దాం, మీ ఆయన వచ్చి కలుస్తాడు" అంది.

మూడు శుక్రవారాలు. సముద్రం గాలిలో, ప్లాస్టిక్ స్పూనుతో, వంగి తినకు, వేళ్ళు నాకకు. నేనెవరి కోసం నేర్పించానో వాళ్ళు ఇప్పుడు నా ఎదురుగా వేళ్ళు నాకుతున్నారు. ఇంద్రజ కూడా హాయిగా చికెన్ ముక్క చీల్చుకుంటోంది.

చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే రోడెల్ మా బావ భుజం మీద చెయ్యేసి తీసుకొచ్చాడు. ఈ భోజనం దగ్గర ఎవరినీ నిలబెట్టకూడదట, వంటింట్లో ఉన్నవాళ్ళను కూడా పిలవాలట. మారిసెల్ చుట్టూ చూసి, ఖాళీగా ఉన్న ఒకే ఒక్క కుర్చీ చూపించింది. "మా సరా వాళ్ళాయన వచ్చేదాకా ఇక్కడ కూర్చోండి" అంది.

బావ ఆ కుర్చీ దగ్గరికొచ్చి, బెలూను పక్కకు జరిపి, నన్ను అడిగాడు. "మేడమ్, కూసోవచ్చునా?"

తెలుగులో అడిగాడు. నేను తలూపాను. ఆయన బట్టల్లోంచి ఫ్రీజరు మంచు వాసన, గ్రీజు వాసన వస్తున్నాయి. ఆ వాసన నాకు పదకొండేళ్ళుగా తెలుసు.

"అరే, మీరు తెలుగువాళ్ళా?" అంది ఇంద్రజ బల్లకు అవతలి నుంచి. "ఏ ఊరండీ?"

"జగిత్యాల దిక్కు మేడమ్."

"సరళగారిది కూడా అటే. ఫ్యామిలీ ఇక్కడేనా?"

ఆయన ఆకు వైపు చూస్తూ, "బిడ్డ ఊర్లె ఉన్నది మేడమ్. ఈడ ఎవ్వలు లేరు" అన్నాడు.

నా చేతిలో అన్నం ముద్ద ఉంది. నోటి దాకా వెళ్ళలేదు, ఆకు మీదికి దిగలేదు.

ఆయన రోడెల్‌ని పిలిచి స్పూను, ఫోర్కు అడిగాడు. రోడెల్ పగలబడి నవ్వాడు. "నువ్వా? ప్రతి మంగళవారం ఆ మూల కూర్చుని చేపను చేత్తో ముల్లు కూడా మిగలకుండా తింటావు, ఇవాళేమైంది?" అని బల్లకంతా చెప్పాడు. అందరూ నవ్వారు. బావ కూడా కొంచెం నవ్వి, "టుడే బిగ్ పీపుల్ సర్" అన్నాడు.

స్పూను వచ్చింది. కుడిచేత స్పూను, ఎడమచేత ఫోర్కు. వీపు నిటారుగా పెట్టి, ఫోర్కు వీపుతో అన్నాన్ని స్పూనులోకి నెట్టి, చప్పుడు కాకుండా నోట్లో పెట్టుకున్నాడు. ఎంత బాగా వచ్చిందో. ఒక్క మెతుకు కింద పడలేదు. పదకొండు మంది చేతులు పెట్టిన ఆకు మీద ఆ ఒక్క మనిషి స్పూనుతో తింటున్నాడు, నేను నేర్పినట్టే, నేను చూస్తున్నానని తెలిసే. కోపంతో చేస్తున్నాడేమోనని ఓరగా చూశాను. కోపం కాదు. పాఠం అప్పజెప్తున్నట్టు శ్రద్ధగా ఉంది మొహం. కోపమైతే బాగుండేది, కోపాన్ని నేను తట్టుకోగలను, తిరిగి రెండనగలను కూడా.

చేప దగ్గరికొచ్చేసరికి ఫోర్కుకు ముల్లు లొంగలేదు. రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాడు. లాస్యకు ముళ్ళు తీసి పెట్టేది ఎప్పుడూ ఆయనే. నేను చెయ్యి చాచి ఆ ముక్క ఇటు లాక్కుని ముల్లు తీసి పెట్టాలనుకున్నాను. చెయ్యి కదల్లేదు. చివరికి మారిసెలే వంగి, ముల్లు తీసేసి, ముక్కను ఆయన ముందు పెట్టింది. "థాంక్యూ మేడమ్" అన్నాడు.

"మీ ఆయన ఎక్కడ సరా?" అంది మారిసెల్ నా వైపు తిరిగి. "అన్నం సగం అయిపోయింది. ఫోన్ చెయ్."

"చేతులు శుభ్రంగా లేవు, తర్వాత…"

"నావి బానే ఉన్నాయి" అని టిష్యూతో వేళ్ళు తుడుచుకుని, ఆకు పక్కనున్న నా ఫోను తీసుకుంది. దాన్ని నా మొహానికి ఎదురుగా పట్టుకుంది. ఆ మొహం ఎవరికీ చూపించేలా లేదని ఫోనుకేం తెలుసు, తెరుచుకుంది. పైనే ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో "బావ" అని. నేను రోజూ ఆ పేరుతో మాట్లాడటం ఆవిడ వింటూనే ఉంటుంది.

వద్దు అనాలి.

మారిసెల్ నొక్కింది.

నా పక్కనున్న నీలం చొక్కా జేబులోంచి మా లాస్య గొంతు వచ్చింది. పోయిన సెలవులో పాప ముద్దుముద్దుగా చెప్పి, బావ రింగ్‌టోన్‌గా పెట్టుకున్న మాట. "బాపూ, ఫోనెత్తు. అమ్మ చేస్తుంది. బాపూ, ఫోనెత్తు. అమ్మ చేస్తుంది."

బల్ల చుట్టూ చేతులన్నీ ఆగిపోయాయి. ఇంద్రజకు మాటలు అర్థమయ్యాయి. మారిసెల్‌కు మాటలు అర్థం కాలేదు కానీ ఆ గొంతు తెలుసు, రోజూ సాయంత్రం డ్యూటీ రూంలో వీడియో కాల్‌లో వినే గొంతే. ఆవిడ తన చేతిలో ఉన్న నా ఫోను వైపు, ఆయన జేబు వైపు మార్చి మార్చి చూసింది.

బావ స్పూనూ ఫోర్కూ ఆకు మీద జాగ్రత్తగా పక్కపక్కన పెట్టాడు. అది కూడా నేను నేర్పిందే. జేబులోంచి ఫోను తీసి, అరచేతిలో పట్టుకున్నాడు. పాప పిలుస్తూనే ఉంది. ఆయన నా కళ్ళలోకి చూసి, ఇంత జరిగినా గౌరవం తగ్గించకుండా, మెల్లగా అడిగాడు.

"మేడమ్, ఎత్తమంటరా? కట్ చెయ్యమంటరా?"